కిమ్ బ్రెనన్: రెండు పడవలా, ఒక్క పడవా... ఏది మేలు?

మహిళల స్కల్లింగ్ (ఒక్కొక్కరు రెండు తెడ్లతో నడిపే రోయింగ్; పడవలో ఒక్కరుంటే సింగిల్, ఇద్దరుంటే డబుల్) గురించి ఎప్పుడు మాట్లాడినా ఆస్ట్రేలియా రోవర్ కిమ్ బ్రెనన్ మీద ఒక ప్రశ్న మాత్రం తప్పదు. "2012 లండన్ ఒలింపిక్స్‌లో కిమ్ డబుల్ వదిలేసి సింగిల్ ఒక్కటే తీసుకుని ఉంటే బంగారం అప్పుడే వచ్చేది కదా?" అని కొందరంటారు. "అంత మంచి జోడీ ఉండగా లండన్ తర్వాత డబుల్ ఎందుకు వదిలింది?" అని ఇంకొందరు రివర్స్‌లో అడుగుతారు. ఆస్ట్రేలియాకే చెందిన తారా రిగ్నీ టోక్యో ఒలింపిక్స్‌లో డబుల్ నడిపి, ఆ తర్వాత సింగిల్‌కు మారి, 2022లోనూ 2023లోనూ ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చుకున్నాక ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. విడివిడిగా జవాబు చెప్పే బదులు లెక్కంతా ఒకచోట పెడదామనిపించింది.

కిమ్ ఎవరో ఈ ఆట చూసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పెళ్లికి ముందు కిమ్ క్రో. తండ్రి మ్యాక్స్ క్రో ఎసెండన్ క్లబ్బుకు ఆడిన ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాలర్. తనేమో మొదట 400 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తేది, 2001లో డెబ్రెసెన్‌లో జరిగిన ప్రపంచ యూత్ పోటీల్లో రజతం కూడా గెలిచింది. పాదం గాయం ట్రాక్‌కు దూరం చేస్తే నీళ్లమీదికి వచ్చింది. 2008 బీజింగ్‌లో సారా కుక్‌తో కలిసి పెయిర్‌లో దిగింది, పతకం రాలేదు. ఒక్కొక్కరికి ఒక్కో తెడ్డు ఉండే ఆ పడవ ఆమెకు సరిపోలేదనే అనుకుంటాను. రెండు చేతుల్లో రెండు తెడ్లు పట్టాకే అసలు కథ మొదలైంది.

పోల్చాల్సినవి మూడు దారులు. డబుల్ మాత్రమే, డబుల్‌తో పాటు సింగిల్, సింగిల్ మాత్రమే. మూడింటినీ ఆమె నడిచి చూసింది కాబట్టి ఊహించుకోవాల్సిన పని పెద్దగా లేదు.

డబుల్ సంగతి ముందు చూద్దాం. 2010 కరాపిరో ప్రపంచ పోటీల్లో కెర్రీ హోర్‌తో రజతం. 2011 బ్లెడ్‌లో మళ్లీ హోర్‌తోనే, మళ్లీ రజతం. 2012 లండన్‌లో బ్రూక్ ప్రాట్లీతో ఇంకో రజతం. మూడుసార్లూ ముందున్నది ఒకే జోడీ, బ్రిటన్‌కు చెందిన కేథరిన్ గ్రెయింజర్, అనా వాట్కిన్స్. ఆ మూడేళ్లలో వాళ్లిద్దరినీ ఎవరూ ఓడించలేదు. లండన్ ఫైనల్లో బ్రిటన్ 6 నిమిషాల 55.82 సెకన్లు, ఆస్ట్రేలియా 6:58.55. మూడో స్థానంలోని పోలండ్ అప్పటికి ఇంకా తొమ్మిది సెకన్ల వెనక ఉంది. అంటే ఆస్ట్రేలియా డబుల్ మూడోదానికి అందదు, మొదటిదాన్ని అందుకోలేదు. డబుల్‌లోనే ఉండమనేవాళ్లు ముందు ఈ గోడ దాటాలి.

గోడ శాశ్వతం కాదనేది నిజమే. లండన్ తర్వాత వాట్కిన్స్ మళ్లీ ఒలింపిక్స్‌కు రాలేదు. గ్రెయింజర్ రియోకు వేరే జోడీతో వచ్చి రజతంతో సరిపెట్టుకుంది, బంగారం పోలండ్‌కు వెళ్లింది. కిమ్ ఆ నాలుగేళ్లూ డబుల్‌లోనే ఉండి ఉంటే ఏమయ్యేదో, ఆశ పెట్టుకోవడానికి చోటుంది. ఆమె లేని ఆస్ట్రేలియా డబుల్ రియోలో పతకం లేకుండా తిరిగొచ్చింది. ఒక్కరు సింగిల్ ఎంచుకుంటే జట్టులో ఇంకో పడవ బలం తగ్గుతుంది. సింగిల్ గొప్పదనం చెప్పేవాళ్లు (నేనూ ఆ బాపతే) ఈ ఖర్చు సంగతి ఎత్తరు.

ఇక రెండు పడవల దారి. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లం. కిమ్ పెట్టింది, పెట్టి రెండు పతకాలతో ఒడ్డెక్కింది. 2012 ఆగస్టు 3న లండన్ ఒలింపిక్స్ రోయింగ్ జరిగిన ఈటన్ డోర్నీలో డబుల్ ఫైనల్, రజతం. మర్నాడు ఆగస్టు 4న అదే నీళ్లలో సింగిల్ ఫైనల్, కాంస్యం. సింగిల్‌లో అక్కడిదాకా రావాలంటేనే హీట్, క్వార్టర్, సెమీస్ దాటాలి. దానికి డబుల్ రేసులు కలిపితే ఒక్క వారంలో ఎన్నిసార్లు 2000 మీటర్లు లాగిందో చూడండి. పదమూడు, పద్నాలుగు వందల మీటర్ల దగ్గర తొడలు మండిపోయే ఆట ఇది. అక్కడి నుంచి ముగింపు గీత దాకా ఉన్నదంతా మొండితనమే.

ఇప్పుడు అసలు ప్రశ్న. అలసటే ఆమెకు బంగారం లేకుండా చేసిందా? సింగిల్ ఫైనల్ సమయాలు ఇవీ: చెక్ రోవర్ మిర్కా క్నాప్కోవా 7:54.37, డెన్మార్క్ రోవర్ ఫీ ఊడ్బీ ఎరిక్సెన్ 7:57.72, కిమ్ 7:58.04. క్నాప్కోవాకూ కిమ్‌కూ మధ్య 3.67 సెకన్లు. ఆ వేగంలో అది దాదాపు పదిహేను మీటర్లు, అంటే సుమారు రెండు సింగిల్ పడవల పొడవు. ముందురోజు విశ్రాంతి తీసుకుంటే పదిహేను మీటర్లు పూడ్చేసేదంటే నేను నమ్మను. ఎరిక్సెన్‌తో తేడా మాత్రం 0.32 సెకను, మీటరున్నర కూడా లేదు. ముందురోజు లాగిన డబుల్ కచ్చితంగా తిన్నది ఏదైనా ఉంటే ఈ మీటరున్నరే. కాబట్టి సింగిల్ ఒక్కటే నడిపి ఉంటే కాంస్యం రజతం అయ్యేదేమో, డబుల్ రజతం మాత్రం అసలు ఉండేది కాదు. ఒక రజతం మేలా, రజతంతో పాటు కాంస్యం మేలా? లండన్ వరకు జవాబు తేలికే. రెండు పడవలే మేలు.

ఒలింపిక్స్‌కు సింగిల్ ఒక్కటే నడిపినవాళ్లంతా గెలిచారా అంటే అదీ లేదు. న్యూజీలాండ్ రోవర్ ఎమా ట్విగ్ లండన్‌లో సింగిల్ మాత్రమే నడిపింది. నాలుగో స్థానంలో ఆగింది, ముందురోజే ఇంకో ఫైనల్ లాగి వచ్చిన కిమ్ వెనక. ట్విగ్ రియోలోనూ నాలుగే. బంగారం కోసం ఆమె టోక్యో దాకా ఆగాల్సి వచ్చింది. ఏకాగ్రత ఉంటే చాలు పతకం దానంతట అదే వస్తుందనేవాళ్లు ట్విగ్ రికార్డు ఒకసారి చూడాలి.

మరి నా మొగ్గు సింగిల్ వైపే ఎందుకు? పతకాల లెక్క వల్ల కాదు, క్యాలెండర్ వల్ల. రెండు పడవల ప్లాను నడిచేది నిర్వాహకులు ఇచ్చిన షెడ్యూలు మీద. ఏ రోజు ఏ రేసు, మధ్యలో ఎన్ని గంటలు, ఏ పూట తినాలి, ఎంతసేపు పడుకోవాలి అన్నీ దానికి బిగించి ఉంటాయి. ఒక్క రేసు వాయిదా పడితే దాని వెనకవన్నీ వాయిదా పడతాయి. ఈ ఆటలో రేసును వాయిదా వేయించేది గాలి.

రియోలో అదే జరిగింది. లగోవా సరస్సు చుట్టూ కొండలు, పైన క్రీస్తు విగ్రహం, టీవీలో చూడటానికి అద్భుతం. 2016 ఆగస్టు 6న మొదటి రోజే అలలు లేచాయి. సెర్బియా పురుషుల పెయిర్ ఏకంగా బోల్తా పడింది. సింగిల్ పడవ కనీస బరువు 14 కిలోలే, దాని వెడల్పు కూర్చున్న మనిషికి బొటాబొటిగా సరిపోతుంది. పక్క నుంచి అల కొడితే ఒక తెడ్డు గాలిలో తేలుతుంది, రెండోది మునిగిపోతుంది, లాగాల్సిన చోట బ్యాలెన్స్ చూసుకోవాల్సి వస్తుంది. ఆ నీళ్లలో ప్రపంచ చాంపియన్ కిమ్ తన హీట్ గెలవలేదు. మొదటి ముగ్గురిలో నిలిస్తే క్వార్టర్స్‌కు వెళ్లొచ్చు, అంతవరకే చూసుకుని బయటపడింది. మర్నాడు, 7న, గాలికి రేసులన్నీ రద్దు. మళ్లీ 10న రద్దు. రద్దయిన రేసులు వెళ్లి మిగిలిన రోజుల మీద పడ్డాయి.

ఆ వారంలో ఆమె చేతిలో రెండు పడవలు ఉన్నాయనుకోండి. కాగితం మీద చూస్తే రియో షెడ్యూలు లండన్ కంటే నయం. డబుల్ ఫైనల్ 11న, సింగిల్ ఫైనల్ 13న, మధ్యలో ఒక రోజు ఖాళీ. కానీ రెండు రోజులు కొట్టుకుపోయాక ఏ హీట్ ఏ సెమీస్ పక్కన వచ్చి పడుతుందో ఎవరికి తెలుసు? ఒక్క పడవ ఉన్నవాళ్లకు రద్దయిన రోజంటే కాళ్లు చాపుకునే రోజు. రెండు ఉన్నవాళ్లకు అది నెత్తిన పడే బాకీ. కిమ్‌కు తేడా ఇక్కడే కలిసొచ్చిందంటాను. మధ్యలో 9న 31వ పుట్టినరోజు వచ్చింది, వెళ్లింది. 13న ఫైనల్: కిమ్ 7:21.54, అమెరికా రోవర్ జెనెవ్రా స్టోన్ 7:22.92, చైనా రోవర్ దువాన్ జింగ్లీ 7:24.13. గెలిచిన తేడా ఆరు మీటర్లు దాటి కాస్త, పడవ పొడవు కూడా లేదు. ఒలింపిక్ సింగిల్ స్కల్స్‌లో బంగారం గెలిచిన మొదటి ఆస్ట్రేలియా మహిళ ఆమే. ముగింపు వేడుకలో దేశం జెండా కూడా ఆమె చేతికే ఇచ్చారు.

లండన్ సమయం 7:58, రియోలో 7:21 కదా, అంత మెరుగైందా అని అడిగేవాళ్లకు ఒక మాట. గాలి ఎదురొస్తే సమయం పెరుగుతుంది, వెనక నుంచి తోస్తే తగ్గుతుంది, వేర్వేరు సరస్సుల సమయాలు పక్కపక్కన పెట్టకూడదు. ఒకటి మాత్రం నిజం. రేసు అరనిమిషం ఎక్కువ సాగితే ముందురోజు అలసట ఆ అరనిమిషంలోనే బయటపడుతుంది.

సింగిల్‌కు అంకితమైన నాలుగేళ్ల లెక్క కూడా చూడండి. ప్రపంచ పోటీల్లో 2013 చుంగ్జూలో స్వర్ణం. 2014 ఆమ్‌స్టర్‌డామ్‌లో ట్విగ్ చేతిలో ఓడి రజతం. 2015 ఎగ్‌బెలెట్‌లో మళ్లీ స్వర్ణం. తర్వాత రియో. ఎప్పుడూ రెండు దాటి కిందికి దిగలేదు. కాన్‌బెరాలో కోచ్ లైల్ మెకార్తీ దగ్గర సాధన. డబుల్ నీళ్లలో వేగంగా జారిపోతుంది, తెడ్డు వేయడం, తీయడం చురుగ్గా ఉండాలి. సింగిల్ నెమ్మది, ప్రతి లాగుడూ బరువుగా, కాస్త ఎక్కువసేపు సాగుతుంది. రెండూ చేసేవాళ్లు రోజూ ఒకదాని నుంచి ఇంకోదానికి ఒంటిని మార్చుకుంటూ ఉండాలి. ఏడాది పొడుగునా ఒకే లయలో లాగేవాళ్లకు ఆ బెడద లేదు.

ఇంకో సంగతి ఉంది, పతకాల పట్టికలో కనిపించనిది. డబుల్‌లో మీ అలసట మీ ఒక్కరిదే కాదు. సింగిల్ సెమీస్‌లో ఒళ్లు హూనం చేసుకుని వచ్చి డబుల్‌లో కూర్చుంటే నష్టపోయేది ముందు సీట్లోనో వెనక సీట్లోనో ఉన్న మనిషి కూడా. ఆ మనిషికి ఉన్నది ఆ ఒక్క పడవే. లండన్‌లో ప్రాట్లీ పరిస్థితి అదే. రజతం వచ్చింది కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. నాలుగో స్థానం వచ్చి ఉంటే ఆ ప్రశ్న కిమ్‌ను చాలాకాలం వెంటాడేది. సింగిల్‌లో గెలిచినా ఓడినా ఖర్చు సొంత జేబులోదే.

(ఆమె భర్త స్కాట్ బ్రెనన్ బీజింగ్‌లో డేవిడ్ క్రాషేతో కలిసి పురుషుల డబుల్ స్కల్స్ బంగారం గెలిచాడు. ఇంట్లో ఒకరిది డబుల్ బంగారం, ఒకరిది సింగిల్ బంగారం. వాళ్ల భోజనాల బల్ల దగ్గర ఈ చర్చ వస్తే ఎవరిది పైచేయో మరి.)

క్వాడ్ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. నలుగురు సమానంగా దొరికితే మంచి పడవే. 2004 ఏథెన్స్‌లోనూ టోక్యోలోనూ ఆస్ట్రేలియాకు మహిళల క్వాడ్‌లో కాంస్యాలు వచ్చాయి. అయితే ఏథెన్స్ కాంస్యం గీత దగ్గర గెలిచింది కాదు, మూడో స్థానంలో వచ్చిన యుక్రెయిన్ డోపింగ్‌లో దొరికాక చేతికొచ్చింది. కిమ్ స్థాయి మనిషిని నలుగురిలో ఒకరిగా కూర్చోబెట్టడం నాకైతే వృథా. పెయిర్ సంగతి పైనే చెప్పాను.

కాబట్టి అడిగేవాళ్లకు నా జవాబు ఇది. ఇరవై ఆరేళ్ల వయసులో, చేతిలో పతకం ఖాయమనిపించే డబుల్ జోడీ ఉండి, సింగిల్‌లో ఇంకా మొదటి స్థానం అందనప్పుడు రెండూ తీసుకోవడం తప్పు కాదు, కిమ్ చేసింది సరైనదే. సింగిల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాక మాత్రం రెండో పడవ ముట్టుకోవద్దు. రిగ్నీ ప్యారిస్‌కు సింగిల్ ఒక్కటే తీసుకెళ్లింది. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. నెదర్లాండ్స్ రోవర్ ఫ్లోరిన్, ట్విగ్ లాంటివాళ్లు ముందున్న రోజుల్లో డబుల్ కూడా నెత్తిన పెట్టుకుంటే ఉన్న అవకాశం కూడా పోయేది.