కరస్పాండెన్స్ చెస్ టోర్నీల కోసం ఏడాది మెంబర్‌షిప్ కడుతున్నారా, ఆగండి

"మెంబర్లకి మాత్రమే టోర్నమెంట్లు" అన్న లైన్ చూసి కార్డ్ బయటకి తీస్తున్నవాళ్లకి ఈ పోస్ట్. సైట్ పేరు చెప్పను, ఈ తిరకాసు ఇంకెక్కడైనా ఉండొచ్చు.

నేను కట్టింది కూడా వాటికోసమే, కరస్పాండెన్స్ అంటే ఒక్కో మూవ్‌కి రోజుల తరబడి టైమ్ ఇచ్చే ఆట, మూవ్‌కి మూడ్రోజులు టైమ్ ఉంటుంది, ఆఫీస్ పని మధ్యలో నింపాదిగా ఆడుకోవచ్చు కదా అని. మొదటి రౌండ్‌లో ఒక్కటి తప్ప అన్ని గేమ్స్ తేలిపోయాయి. ఆ ఒక్కదాంట్లో నాకు రూక్ ఎక్కువ, రెండు బంట్లు పక్కపక్కనే దూసుకెళ్తున్నాయి, అవతలాయనకి కదపడానికి రాజు తప్ప ఏం లేదు, ఆ రాజుకి కూడా ఉన్నది ఒకే ఒక్క గడి. ఒకే గడి అండీ! దానికీ మూడ్రోజులు నాన్చి క్లాక్‌లో గంట మిగిలాక కదుపుతాడు. పోనీ బిజీగా ఉన్నాడేమో అనుకుందామంటే, ప్రొఫైల్ తెరిస్తే పచ్చ లైట్ వెలుగుతూ మూడు నిమిషాల బ్లిట్జ్ మీద బ్లిట్జ్ ఆడేస్తుంటాడు. చాట్‌లో మర్యాదగా అడిగా, జవాబు లేదు, తర్వాత వెకేషన్ పెట్టేశాడు, క్లాక్ ఆగిపోయింది.

అసలు దెబ్బ ఎక్కడంటే, ఆఖరి గేమ్ తేలేదాకా తర్వాతి రౌండ్ మొదలవ్వదు, మన మెంబర్‌షిప్‌కి మాత్రం వెకేషన్ ఉండదు, రోజూ కరిగిపోతూనే ఉంటుంది. పైగా అక్కడ డబ్బు కట్టినవాళ్లకే వెకేషన్ రోజులు ఎక్కువ, టైమ్ అయిపోబోతుంటే అదంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా ఇచ్చారు. అంటే నేను ఆడటానికి కొన్నదాన్నే ఆయన సాగదీయడానికి కొన్నాడన్నమాట. సపోర్ట్‌కి రాస్తే "రూల్స్ ప్రకారమే ఆడుతున్నారు", రీఫండ్ కుదరదు, అంతే.

కట్టేముందు లెక్క వేసుకోండి. 40 మూవ్స్ గేమ్‌లో మూవ్‌కి 3 రోజులంటే అవతలివాడు ఒక్కడే 120 రోజులు తినేయొచ్చు, 14 రోజులైతే 560, ఏడాదిన్నర పైనే, వెకేషన్ కాకుండా!

నిదానంగా ఆడటం తప్పని కాదు. పోస్ట్‌కార్డుల కాలంలో మొదటి ప్రపంచ కరస్పాండెన్స్ ఛాంపియన్‌షిప్ 1950లో మొదలై 1953లో తేలింది, సెసిల్ పర్డీ గెలిచాడు. అప్పుడు మూవ్ పోస్ట్‌లో వెళ్లాలి, ఇప్పుడు వేలితో నొక్కితే చాలు. ఓడిపోయిన పొజిషన్‌లో కావాలని సాగదీయడానికి ఈ ఆటలో "డెడ్ మ్యాన్స్ డిఫెన్స్" అని పేరే ఉంది, ఎంత పాత రోగమో చూడండి.

కాబట్టి టోర్నీలో చేరేముందు వెకేషన్ ఒప్పుకుంటారా లేదా చూడండి, ఒప్పుకోని టోర్నీలు దొరికితే వాటికే వెళ్లండి. కొన్ని సైట్లలో ప్రొఫైల్‌లోనే సగటున మూవ్‌కి ఎంత టైమ్ తీసుకుంటాడో కనపడుతుంది, టైమవుట్ శాతం (టైమ్ అయిపోయి ఓడిన గేమ్స్ ఎన్ని అన్నది) ఒక్కటే చూసి నమ్మకండి, నాతో ఆడినాయనది సున్నా, ఆఖరి గంటలో ఆడేవాడికి టైమవుట్ ఎందుకవుతుంది? కండిషనల్ మూవ్స్ (అవతలివాడు ఇది ఆడితే నేను ఇది ఆడతా అని ముందే చెప్పిపెట్టే మూవ్స్) ఉంటే ముందే పెట్టేయండి, కనీసం మన వైపు ఆలస్యం ఉండదు. ఊరికే ఆడుకోవడానికైతే లీచెస్ అనే ఉచిత చెస్ సైట్‌లో పైసా కట్టక్కర్లేదు, మూవ్‌కి 1 రోజు నుంచి 14 రోజుల దాకా మీ ఇష్టం. లేదు కట్టే తీరతాం అంటే ముందు ఒక్క నెలకే కట్టండి, ఆటో రెన్యువల్ ఆ రోజే ఆపేయండి, ఆ బటన్ సెట్టింగ్స్‌లో బాగా లోపలెక్కడో ఉంటుంది, ఓపిగ్గా వెతకాలి.