హవానాలో కెమెరా ఎక్కడ తీయాలి, ఎక్కడ దాచాలి

2024 డిసెంబర్ 16, రాత్రి పది. హవానాకి దక్షిణాన సాంతియాగో దె లాస్ వేగాస్ అనే ఊళ్లో టాక్సీ ఆగిపోయింది. అక్కడి నుంచి ఎల్ రింకోన్ చర్చి దాకా నడకే. రోడ్డు నిండా జనం. ఊదారంగు గోనెపట్ట చుట్టుకున్న ఒకాయన నేల మీద పాకుతున్నాడు. కాలికి కట్టుకున్న రాయి తారురోడ్డు మీద గీసుకుంటూ వస్తోంది. ఆయన ముందు ఇంకొకడు కొమ్మతో గులకరాళ్లు ఊడుస్తున్నాడు. పొర్లుదండాలు చూసి పెరిగినదాన్ని కాబట్టి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. మొక్కు తీర్చుకుంటున్నాడు, అంతే.

చర్చి లెక్కలో ఇది సాన్ లాసరో అనే సెయింటు పండుగ. కానీ వచ్చినవాళ్లలో చాలామందికి ఆయన బబాలు అయే అనే ఆఫ్రికా దేవుడు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల దేవతలు క్యూబాలో క్యాథలిక్ సెయింట్ల పేర్ల చాటున బతికారు. చంకకర్రలు, పక్కన రెండు కుక్కలు, ఒళ్లంతా పుళ్లు, ఇదీ ఈయన రూపం. రోగం పెట్టేదీ ఆయనే, తీసేదీ ఆయనే. మశూచిని అమ్మవారు అని పిలిచిన మనకి ఇంతకంటే వివరం ఎందుకు?

ఫొటోలకి ఈ రాత్రిని మించింది నాకు ఇంకోటి దొరకలేదు. కొవ్వొత్తుల వెలుగు, చుట్టల పొగ, చెమట. 35 ఎంఎం లెన్స్, ఐఎస్ఓ 6400, ఫ్లాష్ అసలు వద్దు. మోసుకెళ్లిన పెద్ద జూమ్ లెన్స్ బ్యాగులోంచి బయటికే రాలేదు, భుజం నొప్పి మాత్రం మిగిలింది. పాకేవాళ్ల ఎదురుగా నిలబడి తీయకండి, పక్కనే వాళ్ల వేగంతో నడవండి. తిరుగు టాక్సీ మాత్రం ముందే మాట్లాడుకోండి. నేను మాట్లాడుకోలేదు, తెల్లవారుజామున మూడింటికి అడిగినంతా ఇచ్చుకున్నాను.

బస సంగతి. మొదటి రాత్రి ఒక పెద్ద హోటల్లో దిగాను. కరెంటు ఉంది, కుళాయిలో నీళ్లు లేవు. మర్నాడే సెంత్రో హవానా అనే పేటలో ఒక కాసాకి మారాను. కాసా పార్టికులార్ అంటే ఇళ్లల్లో అద్దెకిచ్చే గదులు, తలుపు మీద నీలం గుర్తు ఉంటుంది. రోజుకి 30 డాలర్లు, టిఫినుకి ఇంకో 5 ఇచ్చాను. బొప్పాయి, గుడ్లు, చిక్కటి కాఫీ. శాకాహారులు మాత్రం నల్ల చిక్కుళ్ల అన్నంలో పంది కొవ్వు వేశారేమో అడిగి తినండి. కరెంటు రోజూ గంటల తరబడి పోయేది, అందుకని బ్యాటరీలు ఆరు పట్టుకెళ్లడం మంచిదైంది. నేను వెళ్లినప్పుడు బ్యాంకులో డాలరుకి 120 పెసోలు వచ్చేవి, బయట 300 పైనే. అమెరికా బ్యాంకుల కార్డులు పనిచేయవు, నోట్లే తీసుకెళ్లాలి.

కాసా ఆవిడ మెడలో నీలం, తెలుపు పూసలు. యెమయా, అంటే సముద్రపు తల్లి భక్తురాలు. వాళ్ల మేనకోడలు తల నుంచి కాలి దాకా తెల్లబట్టల్లో ఉండేది. ఈ దేవతల దీక్ష తీసుకున్న ఏడాది అంతా అలాగే ఉండాలట, ఆ పిల్లని ఫొటో తీయకూడదట. ఈ సంగతి నాకు అంతకుముందే తెలిసి ఉంటే బాగుండేది. వీధిలో అలాంటి అమ్మాయి మీదకే కెమెరా ఎత్తాను, ఆమె తెల్లగొడుగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. రోజంతా సిగ్గుగా ఉంది.

రెగ్లాకి పొద్దున్నే వెళ్లండి. పాత హవానా రేవు నుంచి లాంచీ, కొద్ది నిమిషాల ప్రయాణం. ఒడ్డునే చర్చి. లోపల నల్లని మేరీమాత, చేతిలో తెల్లని బిడ్డ. ఆమెలోనే యెమయాని చూసుకుంటారు. బయట చెట్ల కింద చీట్లు వేసి జాతకం చెప్పే ఆడవాళ్లు. ఫొటో తీయనా అని అడిగితే కొందరు ఒప్పుకుంటారు, కొందరు డబ్బులడుగుతారు. రెండూ న్యాయమే.

కయెహోన్ దె హమెల్ సందు 1990 నుంచి సాల్వదోర్ గొన్సాలెస్ ఎస్కలోనా వేసిన గోడబొమ్మలకి పేరు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ రుంబా, అంటే డోళ్ల మీద పాట, ఆట ఉంటుంది. రంగులు బాగా వస్తాయి, కెమెరాకి ఎవరూ అడ్డు చెప్పరు. అందుకే నాకు పెద్దగా నచ్చలేదు. ఆ చుట్టుపక్కల ఒకతను "అసలైన పూజ" చూపిస్తానని 40 డాలర్లు తీసుకున్నాడు. ఒక గది, రెండు డోళ్లు, ఇరవై నిమిషాలు. మధ్యలో డోలాయన ఫోన్ మోగింది.

హవానా నుంచి మతాన్సాస్ ఊరు వంద కిలోమీటర్లు, షేర్ టాక్సీలో వెళ్లి రావచ్చు. 1952లో లోస్ మున్యెకీతోస్ రుంబా బృందం పుట్టిన ఊరు. సాన్ సెవెరీనో కోటలో బానిసల చరిత్ర మ్యూజియం ఉంది. ఒక పూట చాలు.

చివరి రోజు కాసా ఆవిడ తమ బంధువులింటికి తీసుకెళ్లింది. చిన్న హాలు, పూజలో వాయించే మూడు బాతా డోళ్లు, మూలన పీఠం, పళ్లు, నీలం క్రీం కేకు. పాట మొదలవగానే ఆవిడ నా బ్యాగు జిప్పు తనే వేసింది. గంట తర్వాత ఒకామెకి పూనకం వచ్చింది. చెప్పులు తీసేశారు, తలకి గుడ్డ కట్టారు, అందరూ ఒంగి దీవెన తీసుకున్నారు. రంగం చెప్పే మనిషి మొహం మీదకి ఫోన్లు పెట్టే అలవాటున్న మనకి చేతులు కట్టుకుని కూర్చోవడం కొంచెం కష్టమే.

అంతా అయ్యాక జిప్పు తీయమంది. కేకు పక్కన మనవరాలి ఫొటో ఒకటి తీయించుకుంది, కాగితం మీద ప్రింటే కావాలంది. టొరంటోలో మా ఇంటికి వచ్చిన వారంలోనే ప్రింట్లు వేయించాను. పోస్టు మీద నాకు నమ్మకం లేదు. హవానా వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, కవరు సిద్ధంగా ఉంది.