రౌటర్‌లో 8.8.8.8 పెట్టి మూడు మామిడి సీజన్లు వాడినాక

డీఎన్ఎస్ అంటే సైట్ పేరు అడిగితే దాని ఐపీ నంబర్, అంటే నెట్‌లో దాని అడ్రసు, చెప్పే ఏర్పాటు; 8.8.8.8 అనేది గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్. సెట్టింగ్ ఏడ ఉంటుంది అనేది రాయను. నాకు మాత్రం ఈ నాలుగు ఎనిమిదులంటే ప్రాణం, ఎందుకో చెప్తా.

చిత్తూరు పక్కన ఒక పల్ప్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తా. తోతాపురి దిగితే మాకు రాత్రీ పగలూ ఒకటే. మూడేళ్ల కింద ఒక రాత్రి పదకొండుకి చెన్నై పోర్టుకి పోవాల్సిన డ్రమ్ములు ఎక్కించేసి కంటైనర్ తలుపులు కూడా వేసేసినారు, సరుకు బండితో పాటు పోవాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు, తీద్దామని కూర్చుంటే సైటే రాలేదు, డీఎన్ఎస్ ప్రోబ్ ఫినిష్డ్ ఎన్ఎక్స్‌డొమైన్, అంటే ఆ పేరే లేదని, వస్తా ఉంది. 50 వేల రూపాయలు దాటిన సరుకు, బిల్లు లేకుండా గేటు దాటించలేం. వాట్సాప్ పోతా ఉంది, అంటే నెట్ ఉంది, సైటే పడిపోయిందేమో అనుకుని గంటసేపు రిఫ్రెష్ కొట్టినా, రౌటర్ రెండుసార్లు ఆపి ఆన్ చేసినా, డ్రైవరేమో "తెల్లారేలోపు చేరాల సార్, ఇంకా ఎంతసేపు" అని కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు.

బెంగళూరులో ఉండే మా పిన్ని కొడుక్కి ఫోన్ చేస్తే "అన్నా, ఫోన్ డేటాలో తెరిచి చూడు" అన్నాడు. షెడ్డులో సిగ్నల్ ఒక్క గీతే, అయినా మెల్లగా వచ్చింది! తర్వాత సిస్టమ్‌లో కమాండ్లు కొట్టే ఆ నల్ల విండోలో ఎన్ఎస్‌లుకప్ అని, సైట్ పేరుకి నంబర్ అడిగే కమాండ్, కొట్టమన్నాడు. మా లైన్‌లో ఆ పేరే లేదంటా ఉంది, అదే కమాండ్ చివర 8.8.8.8 అని చేరిస్తే వెంటనే ఐపీ నంబర్ ఇచ్చింది. అంటే పేరు అడిగితే నంబర్ చెప్పాల్సిన మా నెట్ వాళ్ల సర్వరే తప్పు చెప్తా ఉంది, సైట్‌కి ఏమీ కాలేదు. సిస్టమ్‌లో 8.8.8.8, రెండోది 8.8.4.4 పెట్టి, పాత జవాబులు చెరిపేసే ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ కమాండ్ కొట్టినా, ఎందుకంటే ఆ 'లేదు' అనే జవాబుని కూడా విండోస్ కొంచేపు గుర్తుపెట్టుకుంటుంది. బిల్లు వచ్చింది, పన్నెండున్నరకి బండి కదిలింది. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ మరిచిపోలేదు.

మరుసటి రోజే రౌటర్‌లో పెట్టేసినా, నాలుగు సిస్టమ్‌లకీ ఒకేసారి సరిపోయింది. అప్పట్నుంచి ఒక్కసారే ఆ ఎర్రర్ వచ్చింది, అదీ లైన్‌మన్ వచ్చి రౌటర్ మార్చిపోయినప్పుడు, కొత్తదాంట్లో మళ్ళా పెట్టాల్సి వచ్చింది.

మొదట్లో స్పీడ్ కూడా పెరిగిందని అందరికీ చెప్పినా, అది తొందరపడి అన్నమాట. డౌన్‌లోడ్ అంతే ఉంది, పేరు వెతికే ఆ మొదటి క్షణంలోనే తేడా ఏదైనా ఉంటే. సైట్ అవతలే పడిపోతే ఇదేం చెయ్యలేదు. ఫోన్‌లో కూడా ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ కింద ఇదే గూగుల్ డీఎన్ఎస్‌ని, డీఎన్ఎస్ డాట్ గూగుల్ అని పెట్టుకుని తిరుపతిలో ఒక లాడ్జిలో దిగితే వైఫై లాగిన్ పేజీనే రాలేదు, ఆటోమేటిక్‌కి మార్చినాకే వచ్చింది, అందుకే ఫోన్‌లో తీసేసినా.

బిల్లు ఆలస్యమైతే బండి ఆగిపోయే పని మాది, కాబట్టి ఆఫీసులో దీన్ని కదిలించను. ఇంట్లో పిల్లలు వీడియోలు చూసే రౌటర్‌కి మాత్రం ఇంతవరకు మార్చలేదు, ఆడ అవసరం పడలేదు.