వాయిదాల పుస్తకంగా గూగుల్ షీట్స్: ఒక న్యాయవాద కార్యాలయపు సమీక్ష

ఇంటర్నెట్‌లో పలువురు కలిసి నింపగల పట్టికల సాధనమైన గూగుల్ షీట్స్‌ను లెక్కల సాధనంగా మెచ్చుకొనేవారు చాలామంది ఉన్నారు. ఈ సమీక్ష మాత్రం దానిని వాయిదాల పుస్తకంగా, అంటే సీనియరు, జూనియర్లు, గుమస్తా అందరూ ఒకే పూట రాసే పుస్తకంగా చూస్తుంది. విజయవాడ న్యాయవాదులకు ఈ అవసరం కొత్తగా చెప్పనక్కరలేదు. కోర్టు వేళల్లో ఒక జూనియరు 2022లో ప్రారంభమైన కోర్టు భవనంలో అంతస్తులు ఎక్కి దిగుతూ ఉంటే, ఇంకొకరు 2019 నుంచి నేలపాడులో నడుస్తున్న హైకోర్టులో ఉంటారు. గుమస్తా గవర్నర్‌పేటలోని ఆఫీసులో నకళ్ల దరఖాస్తులు రాస్తూ ఉంటాడు. ఎవరి డైరీలో వారు రాసుకొని సాయంత్రం అన్నిటినీ ఒకచోట చేర్చే పద్ధతిలో తప్పులు దొర్లేది ఆ చేర్చే దగ్గరే. ఆ పని లేకుండా చేసినందుకే మా ఆఫీసులో షీట్స్ నిలబడింది.

ఒకే ఫైలును ఏకకాలంలో 100 మంది వరకు దిద్దవచ్చునని గూగుల్ చెబుతుంది. నలుగురైదుగురు ఉండే ఆఫీసుకు ఆ అంకెతో పనిలేదు. మనకు కావలసింది ఎవరు ఏమి మార్చారన్న జాడ. ఒక ఓ.ఎస్. (అసలు సివిల్) దావాకు 18వ తేదీ అని ఉన్న వాయిదా 25గా కనిపించిందనుకోండి. ఆ గడి మీద కుడి క్లిక్ చేసి ఎడిట్ హిస్టరీ తెరిస్తే మార్చినవారి పేరు, సమయం, అంతకుముందున్న తేదీ అన్నీ అక్కడే కనిపిస్తాయి. అయితే వరుసను పూర్తిగా తొలగించిన సంగతి ఆ గడి చరిత్రలో దొరకదు, దానికి మొత్తం ఫైలు పాత రూపాలను చూపే వెర్షన్ హిస్టరీ చూడవలసిందే. అక్కడ తొందరపడి పాత వెర్షన్‌ను పునరుద్ధరిస్తే, ఆ తరువాత మిగతావారు నింపిన వాయిదాలన్నీ ఫైలులో కనబడకుండా పోతాయి కనుక, పాత వెర్షన్‌ను తెరిచి కావలసిన వరుసను మాత్రమే నకలు చేసుకొని రావడం మేలు.

రెండవ గొప్ప సౌకర్యం ఫిల్టర్ వ్యూ. గుమస్తా కావలసిన వరుసలనే చూపే మామూలు ఫిల్టర్ పెట్టి ఎగ్జిక్యూషన్ పిటిషన్లు (డిక్రీ అమలు కోరేవి) మాత్రమే కనిపించేలా చేస్తే, కోర్టు హాలు బయట ఫోనులో చూస్తున్న జూనియరుకు కూడా అవే కనిపించి, మిగతా కేసులు మాయమైనట్లు అనిపిస్తుంది. ఫిల్టర్ వ్యూలో ఎవరి చూపు వారిది. ప్రతి ఒక్కరి పేరున ఒక వ్యూ, ‘రేపటి కేసులు’ అని ఇంకొకటి పెట్టుకొంటే సగం గొడవ తీరుతుంది. తేదీల కాలమ్ ఒక్కదానినే ఎంచి సార్ట్ రేంజ్ (వరుసక్రమంలో పెట్టే ఎంపిక) నొక్కితే ఒకరి వాయిదా ఇంకొకరి కేసు పక్కకు చేరే ప్రమాదం ఎలాగూ ఉంది. కాబట్టి వాయిదా తేదీలు ఎవరెవరు మార్చవచ్చునో, గడులను ఇతరులు దిద్దకుండా ఆపే ప్రొటెక్ట్ రేంజ్‌లో ముందే నిర్ణయించాలి.

ఇక తేదీల సంగతి. మన వృత్తిలో తేదీయే ప్రాణం కాబట్టి దీనిని వివరంగా చెబుతాను. ఫైలు సెట్టింగ్స్‌లో లొకేల్, అంటే ఏ దేశపు పద్ధతి అన్నది, అమెరికా అని ఉంటే 05/06 అని కొట్టినది జూన్ 5 కాక మే 6 అవుతుంది. 13/06 అని కొడితే పదమూడవ నెల లేదు కాబట్టి అది తేదీగా కాక ఉత్త అక్షరాలుగా మిగిలి, గడిలో ఎడమవైపు అతుక్కొని, సార్ట్ చేసినప్పుడు వరుస తప్పుతుంది. లొకేల్‌ను ఇండియాకు మార్చి, ఆ కాలమ్‌లో తేదీ తప్ప వేరేదేదీ పట్టకుండా డేటా వాలిడేషన్ అనే నిబంధన పెట్టిన తరువాతే ఒక్క వాయిదా అయినా ఎక్కించాలి. కేసు నంబరుకు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన చిక్కు ఉంది: 12/2021 అని కొడితే షీట్స్ దానిని డిసెంబరు 2021గా భావించి తేదీగా మార్చుకుంటుంది, 112/2021ని మాత్రం ముట్టుకోదు. ఆ కాలమ్‌ను మొదటే ప్లెయిన్ టెక్స్ట్ (ఉత్త అక్షరాలు) చేసి, పక్కన కోర్టుల కంప్యూటర్ వ్యవస్థ ఈ-కోర్ట్స్ ప్రతి కేసుకు విడిగా ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుకు ఒక కాలమ్ కేటాయిస్తే ఏ కేసు ఏదో ఎన్నటికీ తికమక ఉండదు.

గడువుల లెక్కకు కూడా ఇది బాగానే పనికివస్తుంది. సమన్లు అందిన తేదీకి 30 కలిపితే రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది రాతపూర్వక జవాబు) గడువు, 90 కలిపితే మామూలు దావాల్లో సివిల్ ప్రొసీజర్ కోడ్ చెప్పే పొడిగింపు హద్దు పక్క గడుల్లో పడతాయి. దగ్గరపడినవాటికి, షరతును బట్టి గడి రంగు మార్చే కండిషనల్ ఫార్మాటింగ్‌తో ఎరుపు వేయవచ్చు. కోర్టు సెలవులు దానికి తెలియవు, ఆ పట్టిక మనమే ఇవ్వాలి.

నాకు అసంతృప్తి ఉన్నది గోప్యత విషయంలో. షీటును దాచినా, రేంజ్‌ను ప్రొటెక్ట్ చేసినా అది పొరపాట్లకు అడ్డే తప్ప తాళం కాదు. ఫైలు చూడగలిగినవారు నకలు తీసుకొని దాచినదీ చదవగలరు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 132వ సెక్షన్ న్యాయవాదితో పాటు గుమస్తాలను, ఉద్యోగులను కూడా కక్షిదారు రహస్యానికి బద్ధులను చేస్తుంది. అందుచేత వాయిదాల ఫైలులో కేసు, కోర్టు, దశ, తేదీ, బాధ్యుల పేరు మాత్రమే ఉండాలి. ఫీజులు, రాజీ మాటలు, కక్షిదారు చెప్పుకొన్న విషయాలు వేరే ఫైలులో, సీనియరు ఎంచినవారికే తెరుచుకొనేలా ఉంచాలి. ‘లింకు ఉన్న ఎవరైనా’ అన్న ఎంపికను న్యాయవాద కార్యాలయం అసలు ముట్టుకోరాదు.

పేర్ల విషయంలో కొంత క్రమశిక్షణ కావాలి. ఒకరు తెలుగులో, ఇంకొకరు ఇంగ్లీషులో కక్షిదారు పేరు ఎక్కిస్తే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. ఫోను తెరపై పది కాలమ్‌ల పట్టీని చదవడం కష్టం కాబట్టి, మొదటి రెండు కాలమ్‌లను ఫ్రీజ్ చేయడం, అంటే పక్కకు జరిపినా కదలకుండా నిలపడం తప్పనిసరి.

ఖర్చు మాటకు వస్తే, వ్యక్తిగత ఖాతాతో లభించే 15 జీబీ స్థలంలో ఇటువంటి పట్టీ లెక్కలోకి కూడా రాదు. అయితే ఫైలును జూనియరు సొంత జీమెయిల్‌లో సృష్టిస్తే దాని యజమాని ఆ జూనియరే అవుతారు. ఆఫీసు పేరున ఒక ఖాతా తెరిచి ఫైలును అందులోనే పుట్టించాలి, ఎవరైనా సొంత ప్రాక్టీసు పెట్టుకొని వెళ్లిన రోజునే షేరింగ్ జాబితాలోంచి వారి పేరు తీసివేయాలి.