ముక్కు దిబ్బడకు ఓట్రివిన్ స్ప్రే: ఎంతవరకు మేలు

జలుబుతో ముక్కు రంధ్రాలు రెండూ పూడుకుపోయి, రాత్రంతా నోటితో గాలి పీల్చుకోవలసి వచ్చే వారికి మందుల షాపులో దొరికే వాటిలో ఓట్రివిన్ పెద్దల స్ప్రే నిజంగా పనిచేసే మందని నా అభిప్రాయం. ఇందులోని 0.1 శాతం జైలోమెటజోలిన్ ముక్కు లోపలి పొరలో ఉబ్బిన రక్తనాళాలను కుదిస్తుంది కనుక, కొద్ది నిమిషాల్లోనే వాపు తగ్గి ఊపిరి ఆడుతుంది. ఆ ఉపశమనం కొన్ని గంటలపాటు నిలుస్తుంది.

ముందుగా ముక్కు మెల్లగా చీది, తల నిటారుగా ఉంచి, స్ప్రే కొట్టేటప్పుడు నెమ్మదిగా గాలి పీల్చాలి. గట్టిగా ఎగబీలిస్తే మందు గొంతులోకి జారి చేదు తగులుతుంది. ఒకరు వాడిన సీసాను ఇంట్లో మరొకరు వాడకూడదు.

అసలు జాగ్రత్త రోజుల విషయంలో ఉండాలి. వారం రోజులకు మించి వాడితే, మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికన్నా ఎక్కువగా దిబ్బడ వేస్తుంది, దాంతో మళ్లీ స్ప్రే మీదికే చేయి వెళుతుంది. ఈ హెచ్చరికను మందు అమ్మేవారే నోటితో చెప్పాలని గట్టిగా కోరుకుంటున్నాను. రక్తపోటు, గుండెజబ్బు, గ్లకోమా (కంటి లోపలి ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవారు వైద్యుణ్ణి అడగనిదే దీన్ని వాడకూడదు. పిల్లలకు ఈ మోతాదు పనికిరాదు.

నీళ్లలా కారే ముక్కుకు దీనివల్ల పెద్దగా ప్రయోజనం లేదు. ఎలర్జీ వల్ల తుమ్ములతో కారుతుంటే సెటిరిజిన్ అనే ఎలర్జీ మాత్ర మేలు, కానీ మగత రావచ్చు కాబట్టి వేసుకుని బండి నడపకూడదు. ఎక్కువ రోజులు వాడుకోవడానికి ఉప్పునీటి చుక్కలే క్షేమం.