‘వన్స్ అపాన్ ఎ టైమ్’ నాలుగేళ్లు ఆడాక: ఊ కొట్టేవాళ్లు లేని కథ

ఈ కార్డుల ఆట కొని నాలుగేళ్లు దాటింది. కొన్న వారానికే రాసి ఉంటే "కళ్లు మూసుకుని కొనేయండి" అని రాసేదాన్ని, ఆరు నెలలకు రాసి ఉంటే "డబ్బులు దండగ" అనేదాన్ని. ఇప్పుడు మాత్రం దీని మంచీ చెడూ రెండూ బాగా తెలుసు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా. మాది తిరుపతి, కపిలతీర్థం దగ్గర. ఆడేది ఇంట్లోవాళ్లమే: నేను, అక్క, అక్క కొడుకు, చిన్నాయన, సెలవులకు ఊరి నుంచి వచ్చే అవ్వ. శనివారం రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద చాప వేసుకుని, మధ్యలో బొరుగుల గిన్నె పెట్టుకుని కూర్చుంటాం.

తెలియనివాళ్లకు ఆట ఏంటో చెప్తాను. ముగ్గురు బ్రిటిష్ వాళ్లు, రిచర్డ్ లాంబర్ట్, ఆండ్రూ రిల్‌స్టోన్, జేమ్స్ వాలిస్ కలిసి తయారుచేసింది ఇది. అమెరికాలోని అట్లాస్ గేమ్స్ అనే కంపెనీ 1993లో మొదటిసారి వేసింది. నా దగ్గర ఉన్నది 2012లో వచ్చిన మూడో కూర్పు. పెట్టెలో 114 కథ కార్డులు, 51 ముగింపు కార్డులు ఉంటాయి. కథ కార్డుల మీద రాజు, అడవి, కత్తి లాంటి మనుషులు, చోట్లు, వస్తువులు, గుణాలు, సంఘటనలు బొమ్మలతో ఉంటాయి. ఒక్కొక్కరికీ కొన్ని కథ కార్డులు, ఒకే ఒక్క ముగింపు కార్డు. ఒకరు కథ మొదలుపెట్టి, తన చేతిలో ఉన్న కార్డు కథలోకి వచ్చినప్పుడల్లా దాన్ని కింద పెడుతూ పోవాలి. ఆ చెప్పే మాటల్లో నా కార్డు మీది వస్తువు వచ్చిందా, నేను టక్కున నా కార్డు వేసి కథను లాగేసుకోవచ్చు. కథ పోగొట్టుకున్నవాళ్లు ఒక కార్డు అదనంగా తీసుకోవాలి. చేతిలో కథ కార్డులన్నీ అయిపోయి, తన ముగింపు కార్డుతో కథను సరిగ్గా కలిపినవాళ్లు గెలిచినట్టు. రెండు నుంచి ఆరుగురి వరకు ఆడొచ్చు, ఒక్కో ఆట అరగంట. మా ఇంట్లో ముగింపు కార్డును మొదటి రోజు నుంచీ కంచి కార్డనే అంటాం. కథ కంచికే కదా పోవాల్సింది.

మొదటి రెండు నెలలు పండగే. ఎవరికి వాళ్లు ఏడు చేపల కథను తిప్పి తిప్పి చెప్పుకుని నవ్వుకున్నాం. తర్వాత అందరికీ గెలవడం ఎట్లాగో తెలిసిపోయింది, అక్కడే ఆట చెడిపోయింది. అక్క కొడుకు పన్నెండేళ్లవాడు, వాడికి ఓడిపోవడం అస్సలు ఇష్టం ఉండదు. "రాజు కత్తి తీసుకుని అడవిలో ఇల్లు చూసి తలుపు తీసి వంటింట్లోకి పోయినాడు" అని ఒకే ఊపిరిలో ఐదారు కార్డులు పడేసేవాడు. ఎవరైనా మధ్యలో పట్టుకోవాలంతే. కానీ ఎవరు ఆ రాజు, ఎందుకు పోయినాడు, వంటింట్లో ఏముంది అని అడిగేవాళ్లే లేరు. చిన్నాయనేమో నిజంగా కథ చెప్తాడు. ఒక ముసలామెను తీసుకొస్తే ఆమె చీర చిరుగు దగ్గర నుంచి చెప్తాడు. అంత వివరంగా చెప్పేసరికి ఎవరో ఒకరి కార్డు తప్పకుండా దొర్లుతుంది, ఆయన చేతిలో కార్డులు పెరుగుతూనే ఉంటాయి. బాగా చెప్పేవాడు ఓడిపోతాడు, గబగబా చెప్పేవాడు గెలుస్తాడు. ఈ ఆటలో అతి పెద్ద లోపం ఇదే, దీనికి మందు మేమే వెతుక్కోవాల్సి వచ్చింది.

తెలుగులో ఆడితే ఇంకో చిక్కుంది, కొనేవాళ్లు ముందే తెలుసుకోవాలి. మనకు కర్త లేకపోయినా వాక్యం నడుస్తుంది. "వచ్చినాడు, కూర్చున్నాడు, నీళ్లడిగినాడు" అని పది వాక్యాలు రాజు పేరెత్తకుండా చెప్పొచ్చు, రాజు కార్డు పట్టుకున్నవాళ్లు అట్లాగే చూస్తూ కూర్చోవాలి. ఇక ఒకే వస్తువుకు మనకున్న మాటలు ఎన్ని! ఒకసారి మావాడు "అందరూ తలకోనకు పోయినారు" అన్నాడు, చిన్నాయన అడవి కార్డు వేసినాడు. "నేను అడవి అనలేదు తాతా, జలపాతం దగ్గరికి పోయినారు" అని వాడు. "తలకోన అడవి కాకుంటే మరేంటి రా, బజారా?" అని ఆయన. ఆ రాత్రి కథ అక్కడే ఆగిపోయింది. చివరికి మేం పెట్టుకున్న కట్టుబాటు ఏంటంటే, ఆ మాట నోట రాకపోయినా వింటున్నవాళ్లలో ఎక్కువమందికి అడవి కళ్ల ముందు కనబడితే అది అడవే. అనవసరంగా అడ్డొచ్చారని మిగతావాళ్లు తేలిస్తే, అడ్డొచ్చినవాళ్లు ఆ కార్డు పోగొట్టుకుని రెండు కొత్తవి తీసుకోవాలని ఆటలోనే ఉంది, దాన్ని గట్టిగా పాటించినాకే గొడవలు తగ్గాయి.

అసలు మార్పు అవ్వ వల్ల వచ్చింది. అవ్వకు ఇంగ్లీషు రాదని కార్డులన్నిటికీ కింద చిన్న చిన్న తెలుగు స్టిక్కర్లు రాసి అంటించాను, రెండు రోజులు పట్టింది. ఎంతో ఆశగా కూర్చోబెడితే పది నిమిషాలు చెప్పి కార్డులు కింద పెట్టేసింది. "నేను చెప్తా ఉంటే ఊ కొట్టేవాళ్లు ఒక్కరూ లేరు కదమ్మా. మీరు ఇంటా లేరు, కాసుకోనుండారు" అనింది.

ఆ మాట నాకు చాలా రోజులు తిరుగుతూనే ఉండింది. అవ్వ దగ్గర మేం చిన్నప్పుడు కథలు విన్నది ఊ కొడుతూనే. ఊ ఆగితే నిద్రపోయామని కథ ఆపేసేది. ఇక్కడేమో వినేవాళ్లే శత్రువులు, అందరి కళ్లూ చేతిలోని కార్డుల మీదే. అందుకని తర్వాతి శనివారం ఒక కొత్త కట్టుబాటు పెట్టాను: ప్రతి వాక్యానికీ అందరూ ఊ కొట్టాలి, ఊ కొట్టనివాళ్లు ఆ వాక్యం మీద కార్డు వేయకూడదు. కథ లాక్కున్నవాళ్లు ముందు అవతలివాళ్లు చెప్పిన చివరి వాక్యాన్ని మళ్లీ చెప్పి, అక్కడి నుంచే ముందుకు పోవాలి. చూడ్డానికి చిన్న విషయమే, కానీ ఆట మొత్తం మారిపోయింది. ఊ కొట్టాలంటే వినాలి, వింటే కథ అర్థమవుతుంది, కథ అర్థమైతే దాన్ని పాడుచేయబుద్ధి కాదు. మావాడు కూడా ఒక్కో కార్డుకూ మధ్యలో రెండు మూడు వాక్యాలు చెప్పడం నేర్చుకున్నాడు. ఎందుకంటే ఐదు కార్డులు ఒక్క వాక్యంలో గుచ్చేస్తే "ఏంది రా ఇది, సరుకుల చీటీనా?" అని అవ్వ ఊ కొట్టదు.

రెండో మందు వేరే ఆట నుంచి తెచ్చుకున్నాం. ఈ కార్డుల ఆట తయారుచేసిన ముగ్గురిలో ఒకడైన జేమ్స్ వాలిస్ 1998లో బారన్ మన్‌చాసెన్ పేరుతో ఇంకో కథల ఆట రాశాడు. అందులో కార్డులుండవు, నాణేలు పందెం కట్టి ఒకరి కథకు ఇంకొకరు అడ్డు తగులుతారు, అందరి కథలూ అయ్యాక ఎవరి దగ్గరున్న నాణేలు వాళ్లు తమకు నచ్చిన కథకు ఇచ్చేస్తారు. మేం నాణేల బదులు చింతగింజలు పెట్టుకున్నాం. కార్డుల ఆట అయ్యాక ఒక్కొక్కరూ ఐదేసి గింజలు, ఎవరి మాటలు బాగున్నాయో వాళ్లకు పంచుతారు, తనకు తాను ఇచ్చుకోకూడదు. ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరు గెలుస్తారు, కార్డులు ముందుగా అయిపోయినవాళ్లు ఒకరు, గింజలు ఎక్కువ వచ్చినవాళ్లు ఒకరు. చిన్నాయన కార్డుల్లో గెలిచింది తక్కువే, గింజల్లో మాత్రం ఆయన్ను కొట్టడం కష్టం.

డిక్సిట్ అనే బొమ్మల కార్డుల ఆట కూడా ఉంది మా దగ్గర, దాని గురించి ఎక్కువ చెప్పను. బొమ్మలు చాలా అందంగా ఉంటాయి, చదవాల్సిన పని లేదు, కొత్తవాళ్లు వస్తే అదే తీస్తాం. కానీ అందులో ఒక బొమ్మకు ఒక మాటో వాక్యమో చెప్తే చాలు, కథ అల్లాల్సిన పని ఉండదు. నాకు కావలసింది అల్లడం.

రెండేళ్ల కిందట గంగమ్మ జాతర రోజుల్లో ఆడిన ఆట ఒకటి చెప్పాలి. అప్పటికి విజిటింగ్ కార్డులంత అట్టముక్కల మీద మా సొంత కార్డులు ఓ ఇరవై రాసుకున్నాం: మారువేషం, వేపచెట్టు, పొంగలి, పాలెగాడు, కొండదారి, ఇట్లాంటివి. పొద్దున వీధుల్లో వేషాలు చూసొచ్చి రాత్రి కూర్చున్నాం. అవ్వ చేతికి మారువేషం వచ్చింది. ఇక గంగమ్మ కథ ఎత్తుకునింది. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు అమ్మకు భయపడి దాక్కోవడం, వాణ్ని వెతుకుతూ అమ్మ రోజుకో వేషంలో తిరగడం. పాలెగాడు కార్డు నా చేతిలోనే ఉంది. రాజు కార్డు అక్క దగ్గరుంది, అవ్వ దొర వేషం అనగానే వేయొచ్చు. ఎవ్వరం వేయలేదు. ఊ మాత్రం కొడుతూ ఉన్నాం. దొర వచ్చినాడనుకుని పాలెగాడు తలుపు తీసి బయటికి రావడం, అవ్వ తలుపు కార్డు పెట్టడం, ఆ తర్వాత కంచి కార్డు, అన్నీ ఒకదాని వెంట ఒకటి పడిపోయాయి. ఆమెకు ఇరవై గింజలూ వచ్చాయి.

ఇక వస్తువు సంగతి. కార్డులు మంచి మందంగానే ఉన్నాయి, నాలుగేళ్లలో అంచులు తెల్లబడ్డాయి గానీ చిరగలేదు. పెట్టె మాత్రం నాకు పంపిన అమ్మకందారు సరిగా ప్యాక్ చేయక మూల నొక్కుకుపోయి వచ్చింది, మార్చమంటే జవాబే లేదు. ఒమర్ రయ్యాన్ వేసిన బొమ్మలు చాలా బాగుంటాయి, అయితే కోటలూ మంత్రగత్తెలూ అన్నీ యూరప్ కథలవి, పిల్లలు మొదట్లో బొమ్మల్లో చూసినవే చెప్తారు. ముగింపు కార్డులు 51 ఉన్నా ఇన్నాళ్లకు మాకు నోటికొచ్చేశాయి, అవ్వ సామెతలతో కొత్తవి రాసుకుంటున్నాం.

ఇద్దరే ఉంటే కొనకండి, ఒకరు చెప్పేది ఒకరు కాసుకోవడమే అవుతుంది. నలుగురైదుగురు ఉండి, అందులో కథ చెప్పే ఓపికున్న పెద్దవాళ్లు ఒక్కరైనా ఉంటే తప్పకుండా కొనండి, ఊ నియమం మొదటి రోజు నుంచే పెట్టండి. ఈసారి జాతరకు చిన్నాయన పిల్లల్లో ఒకరు కూడా వస్తామన్నారు, అంటే ఆరుగురం. అప్పటికి ఇంకో పది కార్డులైనా రాయాలి, జాతరలో వేసే బైరాగి, బండ, తోటి వేషాలకు మా దగ్గర ఇంకా కార్డుల్లేవు.