ఆల్ఫా, థీటా అంటూ నెలకు 199 అడిగే యాప్: బాగున్నది తంబురా ఒక్కటే

ఐదుకు రెండు స్టార్లు ఇస్తున్నా, ఆ రెండూ తంబురాకే. యాప్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటివి ప్లే స్టోర్‌లో కుప్పలుగా ఉన్నాయి, అన్నీ చెప్పేది దాదాపు ఒకటే: మా సంగీతం మీ మెదడు తరంగాల్ని (ఆల్ఫా, థీటా అన్నవి వాటి పేర్లే) మారుస్తుంది, టెన్షన్ తగ్గుతుంది, నిద్ర పడుతుంది, పిల్లలకు చదువు మీద ధ్యాస కుదురుతుంది. నేను తీసుకున్నది నెలకు 199, ఏడాదికైతే 999. చూడ్డానికి బాగుంటుంది, యాడ్స్ లేవు, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడే గొంతు మాత్రం రైల్వే ప్రకటన విన్నట్టే ఉంది, "మీ శ్వాసను గమనించండి" అన్నప్పుడల్లా ఏ ప్లాట్‌ఫామ్ మీద అని అడగాలనిపిస్తుంది.

ముందు ఫోకస్ సెక్షన్. ఇందులో ఉన్నవన్నీ బైనారల్ బీట్స్. ఎడమ చెవిలో 200 హెర్ట్జ్, కుడి చెవిలో 210 హెర్ట్జ్ ధ్వని విడివిడిగా వినిపిస్తే, ఆ తేడా ఎంతో అంత, అంటే సెకనుకు 10 సార్లు ధ్వని పెరిగి తగ్గుతున్నట్టు మనకు అనిపిస్తుంది. బయట గాలిలో అలాంటి ఊపు ఏదీ ఉండదు, రెండు చెవుల నుంచి వచ్చిన సంకేతాలు కలిసే చోట మెదడులోనే అది పుడుతుంది. దీన్ని 19వ శతాబ్దంలోనే హైన్రిచ్ విల్‌హెల్మ్ డోవ్ అనే జర్మన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు, కాబట్టి ఇదేదో నిన్న మొన్నటి రహస్యం కాదు. అయితే ఆ 10 హెర్ట్జ్ వినగానే మెదడు కూడా అదే లయలోకి వచ్చేసి ఏకాగ్రత పెరుగుతుందా అంటే, ఒక అధ్యయనం అవునంటే ఇంకోటి కాదంటుంది. సరే, అది పక్కన పెడదాం. ఇయర్‌ఫోన్స్ లేకుండా ఈ పద్ధతికి అర్థమే లేదు, స్పీకర్‌లో పెడితే రెండు ధ్వనులూ గదిలోనే కలిసిపోతాయి. మరి ఈ యాప్ పిల్లల సెక్షన్‌లో అవే ట్రాక్‌లు పెట్టి "ఫోన్ పక్కన ఉంచి స్పీకర్‌లో ప్లే చేయండి" అని రాసింది. అమ్మేవాళ్లకే సరుకు ఏంటో తెలియదన్నమాట.

అదే పిల్లల సెక్షన్‌లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారుడు మొజార్ట్ కూడా ఉన్నాడు, ఉండకపోతే ఆశ్చర్యం. ఈ గోలకంతా మూలం 1993లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఒక చిన్న పేపర్. కాలేజీ విద్యార్థులకు 10 నిమిషాలు మొజార్ట్ సొనాటా వినిపిస్తే, ఆకారాల్ని మనసులో ఊహించుకుని చేసే ఒక రకం లెక్కల్లో కాసేపు మెరుగ్గా చేశారు. కాసేపంటే పావుగంట లోపే. పసిపిల్లల మాట అందులో లేదు, జీవితాంతం తెలివి పెరుగుతుందన్న మాటా లేదు. అయినా 1998లో అమెరికాలో జార్జియా గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ క్లాసికల్ సంగీతం అందించాలని బడ్జెట్‌లో డబ్బు అడిగాడు. తర్వాత ఇంకొందరు పరిశోధకులు మొజార్ట్ బదులు ఒక కథ వినిపించి చూశారు, కథ నచ్చినవాళ్లు కథ విన్నాకే బాగా చేశారు. అంటే అక్కడ పనిచేసింది నచ్చడం, దాంతో వచ్చిన హుషారు.

నిద్ర సెక్షన్‌లో అన్నిటి మీదా 432 హెర్ట్జ్ అని ముద్ర ఉంది, అది ప్రకృతి శ్రుతి అట. మా అత్తగారు కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి, ఇది వినిపిస్తే ఆమె అడిగిన మొదటి మాట, "ఇది ఎవరి శ్రుతమ్మా?" మన సంగీతంలో షడ్జమం, అంటే ఆధారమైన "స", పాడేవాళ్ల గొంతును బట్టి మారుతుంది, ఒకరిది ఒకటో నంబరు శ్రుతి, ఇంకొకరిది ఐదున్నర, అయినా ఎవరు ఏ శ్రుతిలో పాడినా వినేవాళ్లకు కళ్లు చెమర్చిన కచేరీలు ఎన్ని లేవు. అలాంటప్పుడు ఒక్క అంకెలో అంత మహత్యం ఎలా కూర్చుంది? రాగ థెరపీ అని పెట్టిన నీలాంబరి రాగం అయితే కీబోర్డు మీద వాయించింది, స్వరాన్ని ఊపుతూ పలికించే గమకం అన్నదే లేదు. అత్తగారు అర నిమిషం విని "ఇది నీలాంబరి స్వరాలు, నీలాంబరి కాదు" అని ఫోన్ తిరిగి ఇచ్చేశారు.

నాకు అసలు చిరాకు తెప్పించింది ఏంటంటే, మన పాటలు ఇందులో పెట్టుకునే వీలు లేదు. సంగీతం మెదడును ఎలా తాకుతుందన్న దాంట్లో గట్టిగా తేలిన విషయమే దీనికి అడ్డంగా ఉంది. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు, వింటే ఒళ్లు జలదరించే పాటలు ఎవరివి వాళ్లనే తెచ్చుకోమని, అవి వింటుండగా మెదడును స్కాన్ చేశారు. ఆ జలదరింపు వచ్చే క్షణంలో మెదడులో డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడిన రసాయనం విడుదలైంది, అంతేకాదు, ఆ ఘట్టం వస్తోందని ఎదురుచూసే కొన్ని సెకన్లలో కూడా మెదడులోని ఇంకో భాగంలో విడుదలైంది. కచేరీకి వెళ్లేవాళ్లకు ఇది స్కాన్ లేకుండానే తెలుసు. పాట మధ్యలో తాళవాద్యాలే మోగే తని ఆవర్తనం చివర మృదంగం మీద ముక్తాయింపు, అంటే ముగింపు వరస, పడుతుంటే, గాయకుడు పల్లవి ఎక్కడ అందుకుంటాడో తెలిసిన రసికులు ముందే సర్దుకుని కూర్చుంటారు, సరిగ్గా అక్కడ పడగానే సభంతా తలలూపుతుంది. తర్వాత ఏం రాబోతుందో తెలిసిన సంగీతం కావాలి దానికి. ఎవరో కంప్యూటర్‌లో అల్లిన, మొదలూ చివరా లేని గంట ట్రాక్‌లో దేనికోసం ఎదురుచూడాలి? చదువుకునేటప్పుడు అలా ఏమీ జరగని శబ్దమే మేలు, మాటలున్న పాట పెడితే మనసు దాని వెంట పోతుంది, అది ఒప్పుకుంటా. కానీ బాధలో ఉన్నప్పుడు, ఆఫీసు నుంచి తల పగిలి వచ్చినప్పుడు పనికొచ్చేది అది కాదు.

తంబురా మాత్రం నిజంగా బాగుంది. అసలు వాయిద్యం రికార్డు చేశారు, తీగల జుమ్మనే నాదం (జీవా) పలుకుతోంది, శ్రుతి మార్చుకోవచ్చు, వేగం తగ్గించుకోవచ్చు. అత్తగారు పొద్దున సాధనకు దాన్నే పెట్టుకుంటున్నారు. కానీ మంచి తంబురా యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి, దానికోసం నెలకు 199 కట్టక్కర్లేదు.

ఉచిత ట్రయల్ అని తీసుకునేవాళ్లు ఒకటి చూసుకోండి. ట్రయల్ మొదలవ్వాలంటే ఆటోపే ఒప్పుకోవాలి, యాప్‌లో రద్దు బటన్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే, కస్టమర్ కేర్‌కు మెయిల్ పెడితే "మీ ప్రయాణంలో ప్రశాంతత కలగాలి" అని జవాబు వచ్చింది. అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన డబ్బు కోత ఆగదు, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లిస్టు తెరిచి అక్కడ క్యాన్సిల్ కొట్టండి.